గోడ కోద్దామా, కిటికీ కోద్దామా?

మా పడమటి గది కిటికీ రెక్కలు ఏళ్ల తరబడి ఎండకి ఎండి విల్లుల్లా వంగిపోయాయి. గడియ పడాలంటే లోపల్నుంచి ఒకరు లాగాలి, బయటనుంచి ఇంకొకరు మోకాలితో నెట్టాలి. అంత చేసి మూసినా సందుల్లోంచి వడగాలి, దాని వెనకే దుమ్ము. మధ్యాహ్నం మూడు దాటితే ఆ గదిలో మంచం కోడు ముట్టుకున్నా చురుక్కుమంటుంది.

"కిటికీలన్నీ మార్పించేద్దాం" అన్నాను. అనడానికి ఖర్చేం లేదు కదా.

కొటేషన్ వచ్చింది. అందులో కిటికీ ఎక్కడుందా అని వెతికాను. పైన ఒక్క వరసలో ఉంది. కింద పేజీ నిండా దాని చుట్టాలు. పాత ఫ్రేము పీకడం వేరు, ఆ చెత్త ఎత్తడం వేరు, దోమల మెష్ వేరు, సీలెంటు వేరు, పిడి వేరు. పిడి లేని కిటికీ ఎవరైనా కొంటారా అని ఫోన్ చేసి అడిగాను. "తెరుచుకోని ఫిక్స్‌డ్ కిటికీకి ఉండదు కదండీ" అన్నాడు అవతలాయన. నిజమే, ఏం మాట్లాడతాం?

ఇక రెండు వారాలు గాజు మీద పడ్డాను. సోలార్ హీట్ గెయిన్ కో-ఎఫిషియెంట్ అని ఒక అంకె ఉంటుంది, 0 నుంచి 1 లోపు. గాజు మీద పడిన ఎండవేడిలో ఎంత భాగం లోపలికొస్తుందో అది చెబుతుంది. మామూలు పల్చటి గాజుకి 0.8 పైనే. వేడి ప్రాంతాల కోసం లో-ఈ పూత, అంటే వేడిని వెనక్కి తిప్పికొట్టే పల్చటి పూత, పూసిన డబుల్ గాజుల్లో 0.25 దగ్గరవి కూడా దొరుకుతాయి. ఇదంతా మా ఆవిడకి వివరించాను.

"వేడి పావువంతే వస్తే, డబ్బులు కూడా పావువంతే తీసుకుంటారా?"

"లేదు. అదే ఎక్కువ."

"మరి పరదా వేస్తే సరిపోదా?"

"గాజు దాటి లోపలికొచ్చాక పరదా ఆపేదేముంది? అది కాగి ఆ వేడి గదిలోనే వదులుతుంది. ఆపాలంటే బయటే ఆపాలి." ఈ మాట నేనే అన్నాను. తర్వాత పనికొస్తుంది, గుర్తుంచుకోండి.

చివరికి తెలివిగా తేల్చాను. ఖరీదైన గాజు పడమటి కిటికీకి ఒక్కదానికే. సాయంత్రపు ఎండ ఏటవాలుగా వస్తుంది, పైనున్న సన్‌షేడ్ దాన్నేం ఆపలేదు. మిగతా కిటికీలకి సందుల్లో రబ్బరు పట్టీలు చాలు. ఖర్చు ఎంత తగ్గిందంటే, ఆ ఊపులో ఇంకొంచెం తగ్గిద్దామనిపించింది. కొటేషన్‌లో "కొలతలకు మనిషి వచ్చినందుకు" అని ఒక పద్దు. టేపు మా ఇంట్లో లేదా?

టేపు తీస్తే దాని కొనలో కొక్కెం లొటలొటలాడుతోంది. పాడైందనుకుని సుత్తితో రెండు దెబ్బలేసి బిగించాను. ఆ కొక్కెం తన మందం మేర కదలాలనే అలా పెడతారట, నొక్కి కొలిచినా లాగి కొలిచినా లెక్క సరిపోవడానికి. ఇది తర్వాత తెలిసింది. దాని వల్ల పోయింది మిల్లీమీటరేలెండి, అసలు ఘనకార్యం ముందుంది. వెడల్పు ఒక్కచోటే కొలిచాను, ఛాతీ ఎత్తున, వంగక్కర్లేకుండా. ఫ్రేము చుట్టూ ఎంత సందు వదలాలని వాళ్లడిగితే "అసలు వదలొద్దు, సందులు భరించలేకే కదా మార్పిస్తున్నది" అన్నాను. కొలతల బాధ్యత నాదేనని సంతకం కూడా పెట్టాను, తేదీతో సహా.

కిటికీ వచ్చిన రోజు పాత ఫ్రేము ముందే పీకించేశాను. కొత్తది నలుగురు ఎత్తి పెట్టారు. పైభాగం చక్కగా దూరింది. కింద గోడకి ఆనుకుని ఆగిపోయింది. మేస్త్రీ టేపు తీసి పైన, మధ్యన, కింద మూడుచోట్లా కొలిచాడు. కింద 11 మిల్లీమీటర్లు తక్కువ. తర్వాత రెండు ఐమూలలు కొలిచి నా వైపు చూశాడు. అవీ సమానంగా లేవు.

"సార్, గోడ కోద్దామా, కిటికీ కోద్దామా?"

"కిటికీ కొంచెం చెక్కితే..."

"అది టఫెన్డ్ గాజు సార్. 600 డిగ్రీల పైన కాల్చి ఠక్కున చల్లార్చింది. ఇప్పుడు అంచున కోత పెడితే మొత్తం పలుకులైపోతుంది. ఫ్రేము మూలలు కరిగించి అతికించినవి, లోపల ఇనుము. అయినా సందు ఇవ్వలేదేంటి? ఈ ఫ్రేము యూపీవీసీ, అంటే గట్టి ప్లాస్టిక్కు, ఎండకి సాగుతుంది కదా, చుట్టూ 5 మిల్లీమీటర్లయినా ఉండాలి."

గోడే కోశాం. 11 మిల్లీమీటర్ల కోసం ఉలి పెడితే అరచేతులంత ప్లాస్టరింగ్ పెచ్చులు ఊడొచ్చాయి, ఒక ఇటుక కూడా కదిలింది. ఆ తర్వాత సిమెంటు, అది ఆరడానికి రోజులు, లప్పం. ఒక్క గోడకి రంగేస్తే మిగతా మూడూ మాసినట్టు కనబడ్డాయి, వాటికీ వేయించాం. కొలతల మనిషికి మిగిల్చిన డబ్బు ఆ రంగులో ఒక గోడకి కూడా రాలేదు.

సిమెంటు ఆరేదాకా కిటికీ గోడవారగా నిలబడి ఉంది. ఆ ఖాళీకి దాని ప్యాకింగ్ అట్టపెట్టెనే విప్పి బయటివైపు నుంచి మేకులు కొట్టాడు మేస్త్రీ. నాలుగు రోజులు గదంతా చీకటి. నాలుగో రోజు మూడు గంటలకి మా ఆవిడ ఆ మంచం మీదే హాయిగా పడుకుని ఉంది. నన్ను చూసి కళ్లు తెరవకుండానే అడిగింది.

"ఏమండీ, ఈ అట్టముక్కకి కో-ఎఫిషియెంట్ ఎంతుంటుందంటారు?"