గోడలు కూలుస్తున్న మనోభావాలు

మా పై ఫ్లోర్ అంకుల్ గారు అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూప్‌లో మెసేజ్ పెట్టారు. "ఎమోషనల్ రీజన్స్ వల్ల మా కిచెన్ గోడ తీసేస్తున్నాం, కొన్నాళ్ళు కాస్త సౌండ్ ఉంటుంది, దయచేసి కోఆపరేట్ చెయ్యగలరు", పక్కన రెండు దండాలు, ఒక లవ్ సింబల్. కారు అడ్డంగా పెట్టారని అర్ధరాత్రి దాకా కొట్టుకునే గ్రూప్ అది, ఆ రోజు ఒక్కళ్ళు కిక్కురుమంటే ఒట్టు. ఏమంటారండీ మరి? లీకేజీ అంటే ప్లంబర్ని పంపి చూడమనొచ్చు, చెదలు అంటే ఫోటో పెట్టమనొచ్చు, ఎమోషన్‌కి ప్రూఫ్ అడిగితే మనం మనుషుల్లోంచి తీసేయబడతాం.

పాత తరానికి ఈ తెలివి లేదు పాపం. వాళ్ళు గోడ జోలికెళ్ళాలంటే కొడుక్కి పెళ్ళి కుదిరి గది చాలకపోవాలి, లేదా వానకి నానిన గోడ దానంతటది పడాలి, అదీ కాదంటే సిద్ధాంతిగారు వచ్చి పొయ్యి ఆగ్నేయంలో లేదమ్మా అందుకే పిల్లకి సంబంధాలు కుదరట్లేదు అని బెదిరించాలి. వాస్తు మీద నాకు పైసా నమ్మకం లేదు గానీ అందులో ఒక నిజాయితీ ఉంది, భయమేసింది కాబట్టి కూలుస్తున్నాం అని ఒప్పుకునేవాళ్ళు. అంతెందుకు, హైదరాబాద్‌లో పాత సెక్రటేరియట్‌కి వాస్తు బాలేదన్న మాట ఏళ్ళ తరబడి విన్నాం కదా, 2020లో కూల్చేశారు, 2023 ఏప్రిల్ 30న కొత్తది ఓపెన్ చేశారు, డిసెంబర్‌కల్లా కట్టించినాయన ఓడిపోయి వేరేవాళ్ళొచ్చి ఆ కుర్చీలో కూర్చున్నారు. వాస్తు పనిచెయ్యలేదని అనకండి, పనిచేసింది, మనిషే మారాడు.

ఇప్పుడు సిద్ధాంతి ప్లేస్‌లోకి ఇంటీరియర్ డిజైనర్ వచ్చాడు. తాంబూలం బదులు కోల్డ్ కాఫీ, పంచాంగం బదులు ఐప్యాడ్, ఫీజు మాత్రం అడక్కండి. మా బాత్రూమ్ సీలింగ్‌కి వాళ్ళ బాత్రూమ్ నుంచి చెమ్మ దిగుతోంది, అది చెబుదామని పైకెళ్ళి నేను ఆయనగారి తొలి మీటింగ్‌లో ఇరుక్కుపోయా.

వంటింట్లో అందర్నీ నిలబెట్టి కళ్ళు మూసుకోమన్నాడు. నేను చెమ్మ మనిషినని చెప్పినా వినలేదు, నన్నూ మూసుకోమన్నాడు. "ఇప్పుడు చెప్పండి, ఈ స్పేస్ మీకు ఏం ఫీలింగ్ ఇస్తోంది?" ఆంటీ కాసేపు ఆలోచించి "గ్యాస్ వాసనొస్తోంది" అంది. "సఫొకేషన్, గుడ్" అని ఐప్యాడ్‌లో రాసుకున్నాడు. నిజంగానే రెగ్యులేటర్ సరిగ్గా పెట్టలేదు, ఆంటీ కళ్ళు తెరిచి వెళ్ళి కట్టేసి వచ్చి మళ్ళీ మూసుకుంది. అంకుల్ వాళ్ళమ్మగారిని అడిగితే "ఎంతసేపు నిలబెడతావు నాయనా, మోకాళ్ళు లాగేస్తున్నాయి" అన్నారు. "పెయిన్ఫుల్ మెమరీస్" అని అదీ రాసుకున్నాడు.

అప్పుడు అంకుల్ మొదలెట్టాడు. కోనసీమలో వాళ్ళ మండువా లోగిలి, వానొస్తే నాలుగు వైపుల నుంచీ చూరు నీళ్ళు నట్టింట్లోకి పడేవి, కింద గంగాళం పెట్టేవాళ్ళు, పిల్లలంతా అరుగు మీద కూర్చుని కాళ్ళు తడుపుకునేవాళ్ళు, చెబుతూ చెబుతూ గొంతు పూడుకుపోయింది. డిజైనర్ భుజం మీద చెయ్యేశాడు. "సార్, మీకు కావాల్సింది కిచెన్ కాదు, ఆ ఆకాశం" అన్నాడు. 1250 చదరపు అడుగుల ఫ్లాట్‌లో, పైన ఇంకో మూడు కుటుంబాలు కాపురం ఉంటుండగా, ఆకాశం ఎలా అంటారా? హాల్లో ఫాల్స్ సీలింగ్ మధ్యన చదరంగా కోసి, నీలం రంగు ఎల్‌ఈడీ ప్యానెల్ బిగిస్తారు. రిమోట్ ఉంటుంది. ఉదయం, సాయంత్రం, మబ్బు, పార్టీ. వాన కూడా ఉందా అని అంకుల్ ఆశగా అడిగాడు, సౌండ్ ఒక్కటే వస్తుంది సార్ అన్నాడు. (నిజం వాన కావాలంటే మా బాత్రూమ్‌కి రండి అని నోటి దాకా వచ్చింది.) కింద ఇత్తడి గంగాళం, అందులో ప్లాస్టిక్ తామరలు, పక్కన కారైకుడి నుంచి తెప్పించే పాత టేకు స్తంభం, ఒక్కటే, నాలుగైతే సోఫా పట్టదట. అది దేన్నీ మొయ్యదు, దాన్నే గోడకి క్లాంపులేసి పట్టుకోవాలి.

స్తంభం రేటు విన్న పెద్దావిడ అప్పుడు నోరు తెరిచారు. "ఒరేయ్, మనింట్లో పన్నెండు స్తంభాలుండేవి కదరా. ఇల్లు పడగొట్టొద్దురా అని మొత్తుకుంటే అన్నదమ్ములిద్దరూ కలిసి లారీ ఎక్కించారు కదరా, అందులో ఒకటన్నా ఉంచుకోకపోయారా." హాల్లో ఎవరూ మాట్లాడలేదు. డిజైనర్ మాత్రం తడుముకోకుండా "అమ్మగారికి క్లోజర్ కావాలి సార్" అన్నాడు. కొత్త ప్లాన్‌లో ఆవిడ గది మీ-టైమ్ కార్నర్ అయింది, ఆవిడ మంచం బాల్కనీ వైపు జరిగింది, దేవుడి పటాలు షూ ర్యాక్ పక్కనున్న షోకేస్‌లోకి వెళ్ళాయి. ఆవిడ ఎమోషన్స్‌కి డ్రాయింగ్‌లో చోటు దొరకలేదు, స్క్వేర్ ఫీట్ సరిపోలేదేమో. నా చెమ్మ సంగతి నెక్స్ట్ మీటింగ్‌లో చూద్దామన్నారు.

అసలు ఈ ఎమోషన్ పుట్టిన టైమ్ నాకు తెలుసు లెండి, అంకుల్ తోడల్లుడి విల్లా గృహప్రవేశం నుంచి వచ్చిన రాత్రి. భోజనం బాగుందా అని లిఫ్ట్‌లో అడిగితే "వాళ్ళది ఓపెన్ కిచెన్" అని జవాబొచ్చింది.

ఓపెన్ కిచెన్ ఎందుకంటే ఫ్యామిలీ కనెక్ట్ అవ్వాలట. గోడ తీసిన మర్నాడే ఎండుమిరపకాయల పోపు వేశారు, కనెక్ట్ అయ్యారు, మూడు బెడ్‌రూమ్‌ల వాళ్ళూ ఒకేసారి దగ్గారు. దాంతో అసలు వంట యుటిలిటీలోకి మార్చారు, దాని పేరు డర్టీ కిచెన్. చేపల పులుసు, పోపు, చెమట అన్నీ అక్కడ, వాషింగ్ మెషిన్ సందులో. ముందున్న అందమైన కిచెన్‌లో వచ్చినవాళ్ళకి గ్రీన్ టీ కాస్తారు. అదీ గట్టు మీద గిన్నె పెట్టకుండా, ఎందుకంటే పాత నల్ల గ్రానైట్ గట్టు "డిప్రెసింగ్‌గా ఉంది" అని పీకించి తెల్ల క్వార్ట్జ్ వేయిస్తున్నారు, వేడి గిన్నె పెడితే మచ్చ, పసుపు పడితే మరక. పీకేసిన రాయి ఏదో కాదు, ఒంగోలు దగ్గర చీమకుర్తిలో తీసే గెలాక్సీ గ్రానైట్, బంగారు చుక్కలున్న నల్లరాయి, ఓడలెక్కి దేశదేశాలకి వెళ్ళే సరుకు. మా వాళ్ళకి మాత్రం అది చూస్తే దిగులు.

సరే, దిగులు తీర్చుకోండి, మీ డబ్బు మీ ఇష్టం. నవ్వుకుని ఊరుకునేవాణ్ణే, కింద పార్కింగ్‌లో ఆ తెల్ల క్వార్ట్జ్ కోస్తున్న కుర్రాణ్ణి చూడకపోతే.

ఇరవై ఏళ్ళుంటాయేమో. గ్రైండర్ పట్టుకుని పలక మీద వంగి పొడిగానే కోస్తున్నాడు, చుక్క నీళ్ళు లేవు, మూతికి చేతిరుమాలు, కనుబొమ్మలు వెంట్రుకలతో సహా తెల్లగా అయిపోయాయి. ఈ క్వార్ట్జ్ అనేది గనిలో తవ్విన రాయి కాదు, రాతి పొడిని రెజిన్‌తో కలిపి ఫ్యాక్టరీలో పోత పోసింది, అందులో దాదాపు 90 శాతం సిలికా. కోసినప్పుడు లేచే ఆ సన్నని పొడి ఊపిరితిత్తుల్లోకి పోయిందంటే మళ్ళీ బయటికి రాదు, సిలికోసిస్ వస్తుంది, దానికి మందు లేదు. చేతిరుమాలు దాన్ని ఆపదు. చిన్న వయసు పనివాళ్ళు వరసగా జబ్బుపడుతుంటే ఆస్ట్రేలియా 2024 జులై 1 నుంచి ఈ రాయినే బ్యాన్ చేసింది. మనకి ఇంకా ఇది మూడ్ మార్చే రాయి! మీ గట్టు రంగు చూస్తే మీకు దిగులు, వాడి ఛాతీ ఏమైపోయినా మీకు నిద్ర పడుతుంది. చిన్నప్పటి వాన తలుచుకుని ఏడ్చిన మనిషికి పార్కింగ్‌లో ఒక పైపు పెట్టించి నీళ్ళతో కొయ్యి బాబూ అని చెప్పడానికి గొంతు పూడుకుపోయిందా? స్తంభానికి లక్షలు పోసినాయనకి వందల్లో వచ్చే మంచి మాస్క్ బడ్జెట్ దాటిపోయిందా? డిజైనర్ ఐప్యాడ్‌లో అందరి ఫీలింగ్సూ ఉన్నాయి, గంగాళం ఫీలింగ్ కూడా ఉంది, వీడి పేరు కూడా ఎవడికీ తెలీదు. సిగ్గుండాలి.

అడిగాను, ఊరికే ఉండలేదు. అదే గ్రూప్‌లో రాశాను, కటింగ్ నీళ్ళతో చేయించండి, ఆ పిల్లాడికి సరైన మాస్క్ ఇప్పించండి అని. అంకుల్ చూశాడు, బ్లూ టిక్ పడింది, జవాబు లేదు. సాయంత్రానికి సెక్రటరీ గారు అందరి తరఫునా తేల్చేశారు: "రాతి కటింగ్‌కి నీళ్ళు వాడితే పార్కింగ్ అంతా బురదై కార్లకి మరకలు పడుతున్నవి. పొడి దుమ్ము అయితే వాచ్‌మన్ ఊడ్చేస్తాడు. దయచేసి సాటి నివాసుల సెంటిమెంట్స్ హర్ట్ చెయ్యవద్దు."