రియాక్టివ్ అని రాసి పంపేస్తే అయిపోయిందా?

ఆపరేషన్‌కు ముందు చేసే రక్తపరీక్షల్లో హెచ్‌సీవీ అని, అంటే లివర్‌ను దెబ్బతీసే హెపటైటిస్ సి వైరస్ కోసం చేసేది ఒకటుంటుంది. అది ఎవరి కోసం చేస్తున్నట్టు? పేషెంట్ కోసమే అయితే, పాజిటివ్ వచ్చినప్పుడు కూర్చోబెట్టి వైద్యం సంగతి చెప్పాలి కదా. తిరుపతిలో ఒక నర్సింగ్ హోమ్‌లో హెర్నియా ఆపరేషన్‌కు చేరబోయిన మా బావకు అదేమీ జరగలేదు. రిపోర్టులో 'రియాక్టివ్' (అంటే పాజిటివ్) అన్న మాట చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి, "మా దగ్గర కుదరదు, ఇంకెక్కడైనా చూసుకోండి" అని కౌంటర్ దగ్గరే ఫైలు చేతిలో పెట్టారు. ఇదేం జబ్బు, దీనికి మందుందా అనేది చెప్పిన పాపాన పోలేదు.

ఇంటికొచ్చాక మా అత్త ఆయనకు కంచం, గ్లాసు వేరు పెట్టేసింది. చిత్తూరు పక్కన ఏదో పల్లెలో కామెర్లకు పసరు పోస్తారంటే బయల్దేరదీశారు కూడా. అసలు మనిషికి కామెర్లుంటే కదా! హెపటైటిస్ సి తో చిక్కే అది. ఇరవై, ముప్పై ఏళ్లయినా ఏ బాధా తెలియకుండా లివర్‌ను తినేస్తూ ఉంటుంది. కొందరికి పొట్టలో నీరు చేరాకో, రక్తపు వాంతులయ్యాకో గానీ బయటపడదు. కలిసి తింటే అంటదు, గ్లాసు పంచుకుంటే అంటదు. రక్తం ద్వారా వస్తుంది.

మా బావకు 1990ల్లో యాక్సిడెంటై రక్తం ఎక్కించారు. మన దేశంలో దాతల రక్తానికి ఈ పరీక్ష తప్పనిసరి అయింది 2001లో. అలాగని ఆ రక్తం మీదే నెట్టేయలేం. ఒకే సూదితో ఊరందరికీ ఇంజెక్షన్లు వేసిన రోజులు కూడా అవే. సూది వెయ్యకపోతే ఆయనేం డాక్టరని అడిగింది మనమే. (తిరుమల కల్యాణకట్టలో ఒక్కొక్కరికీ కొత్త బ్లేడు ముక్క ఇస్తారు. మీ వీధి సెలూన్‌లో మారుస్తున్నారా, ఎప్పుడైనా చూశారా?)

ఒకప్పుడు దీనికి నెలల తరబడి ఇంటర్‌ఫెరాన్ ఇంజెక్షన్లు, జ్వరాలు, నీరసం. అంతా పడ్డాక కూడా తగ్గుతుందన్న నమ్మకం లేదు. 2013 చివర్లో అమెరికాలో సోఫోస్‌బువిర్ అనే మందు వచ్చినప్పుడు ఒక్కో మాత్ర వెయ్యి డాలర్లు. తర్వాత మన హైదరాబాద్ కంపెనీలే జనరిక్ తయారుచేశాయి. ఇప్పుడు దానికి డాక్లాటాస్‌విర్ అనే ఇంకో మందు జోడించి, సిర్రోసిస్ (లివర్ గట్టిపడిపోవడం) లేనివాళ్లకు పన్నెండు వారాలు మాత్రలిస్తారు. నూటికి తొంభై మందికి పైగా వైరస్ పూర్తిగా పోతుంది. 2018 జులై 28న మొదలైన జాతీయ కార్యక్రమం కింద పరీక్షా, మందూ రెండూ ఉచితం. ఇంత మందు చేతిలో పెట్టుకుని మనిషిని పసరు దగ్గరికి తోలడం ఏం న్యాయం?

హెచ్‌సీవీ ఉన్నవాళ్లకు ఆపరేషన్ చేయకూడదని ఎక్కడా లేదు. ప్రతి పేషెంట్ విషయంలోనూ తీసుకోవాల్సిన జాగ్రత్తలే ఇక్కడా తీసుకోవాలి. సరే, మీకు భయం, చెయ్యరు. కనీసం ఆ ఫైలు మీద "వైరల్ లోడ్ పరీక్ష చేయించుకోండి, ప్రభుత్వ పెద్దాసుపత్రిలో అడగండి" అని రాయడానికి ఎర్ర పెన్నులో ఇంకు అయిపోయిందా? రియాక్టివ్ వచ్చినంత మాత్రాన అందరిలోనూ వైరస్ ఉందని కాదు, కొందరికి దానంతటదే పోతుంది. వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్ ఎంతుందో చూస్తే గానీ తేలదు.

2001కి ముందు రక్తం ఎక్కించుకున్నవాళ్లు, డయాలసిస్‌లో ఉన్నవాళ్లు ఒకసారి ఈ పరీక్ష అడిగి చేయించుకోండి. మాత్రలు మొదలుపెట్టే ముందు హెపటైటిస్ బి కూడా చూడాలి, ఒంట్లో దాగి ఉంటే ఈ మాత్రలతో అది నిద్ర లేచే ప్రమాదముంది. గుండెకు, గ్యాస్‌కు వాడే మాత్రలేవైనా ఉంటే డాక్టరుకు చెప్పండి. కోర్సయ్యాక మరో పన్నెండు వారాలకు చేసే వైరల్ లోడ్ రిపోర్టును మాత్రం జాగ్రత్తగా దాచుకోండి. జబ్బు పోయినా మొదటి పరీక్ష జీవితాంతం రియాక్టివ్ అనే చూపించొచ్చు, ఇంకో కౌంటర్‌లో ఇంకో ఎర్ర పెన్ను సిద్ధంగానే ఉంటుంది.