డబ్బు పెట్టి కొన్న రెజిమెంట్: లార్డ్ కార్డిగన్ జీవితం

క్రిమియాలో రష్యా మీద బ్రిటన్ 1854లో చేసిన బాలక్లావా యుద్ధం ప్రస్తావన వస్తే, అక్కడ తేలికపాటి అశ్వికదళాన్ని ఫిరంగుల మీదకు నడిపిన లార్డ్ కార్డిగన్ వీరుడా, మూర్ఖుడా అన్న దగ్గరే చర్చ ఆగిపోతుంది. నాకు అంతకంటే ముఖ్యంగా కనిపించే ప్రశ్న, వందల మంది ప్రాణాలు అలాంటి మనిషి చేతిలోకి ఎలా వెళ్లాయన్నది. డబ్బుతో వెళ్లాయి.

1797లో పుట్టిన జేమ్స్ బ్రూడెనెల్ (తర్వాత లార్డ్ కార్డిగన్ అయింది ఈయనే) 1824లో సైన్యంలో చేరాడు. ఎనిమిదేళ్లు తిరక్కుండానే 15వ హుస్సార్ల (తేలికపాటి అశ్వికుల) రెజిమెంట్ ఆయన చేతికొచ్చింది. అప్పటి బ్రిటిష్ సైన్యంలో ఆఫీసర్ పదవులు అమ్మేవాళ్లు. అశ్వికదళంలో లెఫ్టినెంట్ కర్నల్ పదవికి ప్రభుత్వం పెట్టిన ధర 6,175 పౌండ్లే అయినా పైన ముట్టజెప్పేది వేరేగా ఉండేది, కార్డిగన్ 35 వేల పౌండ్లకు పైనే ఇచ్చాడని అప్పట్లో చెప్పుకున్నారు. యుద్ధం అంటే ఏమిటో ఆయన చూడలేదు. చూసింది నక్కల వేట, గుర్రం మీద కంచెలు దూకడం. ఆ ఆటలో మాత్రం నిజంగా భయం లేని మనిషి.

కింది అధికారి మీద పెట్టించిన సైనిక విచారణ బెడిసికొట్టి 1834లో ఆ పదవి పోయింది, రెండేళ్లకే పలుకుబడితో ఇంకోటి దొరికింది. ఈసారి 11వ లైట్ డ్రాగూన్లు, వాళ్లూ అశ్వికదళమే, అప్పుడు మన దేశంలోనే ఉన్నారు. 1825–26లో భరత్‌పూర్ కోట ముట్టడిలో పోరాడిన రెజిమెంట్ అది. నన్ను బాగా బాధించే విషయం ఇక్కడే ఉంది. ఇండియాలో ఏళ్ల తరబడి పనిచేసి, యుద్ధం తెలిసి, పై పదవి కొనడానికి డబ్బు లేని ఆఫీసర్లను కార్డిగన్ ‘ఇండియన్’ ఆఫీసర్లని చిన్నచూపు చూశాడు. వాళ్లలో ఒకడైన కెప్టెన్ జాన్ రేనాల్డ్స్ 1840లో మెస్‌లో అతిథి కోసం మోజెల్ వైన్ తెప్పిస్తే, నల్ల సీసా చూసి అది తాను నిషేధించిన పోర్టర్ అనే ముదురు రంగు బీరు అనుకొని కార్డిగన్ పెద్ద గొడవ చేశాడు. పని తెలిసినవాడు ఒక సీసా కోసం మాటలు పడాల్సి వచ్చింది.

అదే ఏడాది ద్వంద్వయుద్ధంలో తన రెజిమెంట్ మాజీ ఆఫీసర్ కెప్టెన్ టకెట్‌ను తుపాకీతో గాయపరిచాడు. 1841లో విచారించింది తోటి ప్రభువులే, హౌస్ ఆఫ్ లార్డ్స్‌లో. గాయపడ్డవాడి పూర్తి పేరు రుజువు కాలేదన్న సాంకేతిక కారణంతో బయటపడ్డాడు.

ఇక 1854 అక్టోబర్ 25, బాలక్లావా. బ్రిటిష్ సేనల అధిపతి రాగ్లన్ ఆదేశం అస్పష్టంగా ఉంది, దాన్ని అందుకున్న అశ్వికదళ అధిపతి లూకన్ కార్డిగన్‌కు బావమరిది, ఇద్దరికీ పడదు. ఎదురుగా రష్యన్ ఫిరంగులున్నాయని చెప్పి చూసి, ఆదేశం మారకపోయేసరికి కార్డిగన్ తన రోనాల్డ్ గుర్రం మీద అందరికంటే ముందు లోయలోకి దిగాడు. ధైర్యానికి వంక పెట్టలేం. కానీ ఫిరంగుల వరుస దాటాక తన పని అయిపోయిందనుకుని, వెనకొచ్చే దళాలు ఏమయ్యాయో చూడకుండా తిరిగొచ్చేశాడు. వేటలో అందరికంటే ముందు చేరితే చాలు, సేనాని పని మాత్రం అక్కడే మొదలవుతుంది. వెళ్లిన సుమారు 670 మందిలో వంద మందికి పైగా చనిపోయారు. అంతటి సేనాని రాత్రుళ్లు పడుకున్నది రేవులో ఉన్న తన సొంత పడవ ‘డ్రయాడ్’లో.

ఇంగ్లండ్ ఆయనకు ఘనస్వాగతం పలికింది, అశ్వికదళ ఇన్‌స్పెక్టర్ జనరల్‌ను చేసింది. 1868లో గుర్రం మీంచి పడి చనిపోయాడు. పదవుల అమ్మకం ఆగడానికి ఇంకో మూడేళ్లు పట్టింది, అదీ హౌస్ ఆఫ్ లార్డ్స్ బిల్లుకు అడ్డుపడితే ప్రధాని గ్లాడ్‌స్టన్ ప్రభుత్వం రాణి ఉత్తర్వుతో రద్దు చేయించాల్సి వచ్చింది.