పొట్ట నాది, పథ్యం ఆమెది

పాలమూరు మగవాళ్ల పొట్టల పక్షాన మాట్లాడే నాథుడు లేడు. వలసల గురించి రాసేవాళ్లున్నారు, చెరువుల గురించి రాసేవాళ్లున్నారు, ఎత్తిపోతల గురించి రాసేవాళ్లకైతే లెక్కే లేదు. పొట్ట దగ్గరికి వచ్చేసరికి అందరూ వెక్కిరించేవాళ్లే. అందుకే ఈ బరువైన బాధ్యతను నేనే ఎత్తుకున్నాను. ఎట్లాగూ 94 కిలోలు మోస్తున్నాను, ఇంకొంచెం మోస్తే పోయేదేమీ లేదు.

మాకు పెండ్లయి రెండేండ్లు. పిల్లల సంగతి మొదలుపెట్టే ముందు ఒకసారి చూపించుకుందామని నా భార్య అంటే మహబూబ్‌నగర్‌లో ఒక పెద్ద వయసు డాక్టరమ్మ దగ్గరికి పోయాం. ఆవిడ ఇద్దరినీ బరువు మిషను ఎక్కించింది. థైరాయిడ్, షుగర్, రక్తం ఎంతుందో చూసే పరీక్ష, అన్నీ రాసింది. తర్వాత కళ్లజోడు సర్దుకొని, "ముందు మీరు బరువు తగ్గాలి. మూడు నెలలు టైం తీసుకోండి" అన్నది.

ఇక్కడే వ్యాకరణం అక్కరకు వచ్చింది. తెలుగులో 'మీరు' అంటే ఇద్దరూ కావచ్చు, గౌరవించదగిన ఒక్కరూ కావచ్చు. నా భార్యను గౌరవించే విషయంలో నేనెప్పుడూ వెనుకాడను. ఆ 'మీరు' మొత్తం ఆమెకే అప్పగించాను. పైగా చీటీ మీద ఉన్నది ఆమె పేరు. చీటీ ఎవరిదైతే బరువు వాళ్లదే కదా! ఇంటికి వచ్చి అమ్మకు కూడా అట్లాగే చెప్పాను. "కోడలు తగ్గాలంట." అమ్మ తల ఊపింది. ఇల్లంతా తల ఊపింది. వాక్యంలో నుంచి ఒక మనిషి మాయమైనట్టు ఎవరికీ అనుమానం రాలేదు.

అంకెలు కూడా దాచను. మన దేశంలో బీఎంఐ, అంటే ఎత్తుకు తగ్గ బరువు ఉందో లేదో చెప్పే అంకె, 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం. ప్రపంచ లెక్కలో అవి 25, 30. నా భార్య 68 కిలోలు, ఆమెది 27. నాది 32 దాటింది. అంటే విదేశాలకు పోయినా ఆమెకు కొంత ఊరట ఉంటుంది, నాకు ఏ దేశమూ ఆశ్రయం ఇవ్వదు. అయినా ఇది అంకెల విషయం కాదు, సంప్రదాయం విషయం. ఆడవాళ్లు లావైతే అది జబ్బు. మగవాళ్లు లావైతే "సంసారం మంచిగ పట్టింది" అంటారు. మా మేనమామ నన్ను చూసి అన్న మాటే ఇది, అది కూడా మెచ్చుకోలుగా.

ఆ మూడు నెలలూ పర్యవేక్షణ శాఖ నేనే చూసుకున్నాను. పొద్దున అయిదింటికి ఆమెను లేపేవాణ్ని. స్టేడియం దాకా బండి మీద దింపేవాణ్ని. ఆమె ఆరు రౌండ్లు నడిచేది. నేను ఒక రౌండ్ వేసి, గేటు బయట టిఫిన్ బండి దగ్గర ప్లేటు మైసూర్ బోండాతో మిగతా అయిదు రౌండ్లూ లెక్కపెట్టేవాణ్ని. లెక్క ఒక్కసారి కూడా తప్పలేదు.

రాత్రి ఆమెకు రెండు జొన్నరొట్టెలు, తోటకూర పప్పు. ఒకప్పుడు ఈ జిల్లాలో అన్నం పండుగ నాడు, జొన్న గట్క మిగతా రోజుల్లో. అప్పుడు అది పేదరికం. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది, ఇప్పుడదే డైటు. మా నాయనమ్మ ఉండి ఉంటే బిల్లు చూసి నవ్వేది. నా భార్య ప్లేటులో తగ్గిన అన్నం మాత్రం గిన్నెలో మిగిలిపోయేది. అన్నం పారేస్తే పాపం. ఆ పాపం ఇంటికి తగలకుండా రోజూ నేనే చూసుకున్నాను.

అసలు అడ్డంకి అమ్మ నుంచి వచ్చింది. "తగ్గాలె బిడ్డా" అంటూనే "గింత తింటే కడుపెట్ల నిలుస్తది?" అని ఇంకో గరిటె వేసేది. రెండు మాటలకూ మధ్య ఊపిరి కూడా తీసుకునేది కాదు. ఫోలిక్ యాసిడ్ అనే విటమిన్ గోలీల మీద అయితే పెద్ద పంచాయితీ. "కడుపే నిలవలేదు, గోలీలెందుకు ఇప్పటి నుంచే?" నా భార్య ఓపిగ్గా కూర్చొని చెప్పింది. కడుపులో బిడ్డకు మెదడు, వెన్నుపాము రూపు కట్టే గొట్టం 28 రోజుల్లోపే మూసుకుపోతుంది అత్తమ్మా, నెల తప్పిందో లేదో మనకు తెలిసేసరికి ఆ పని అయిపోతుంది, అందుకే ముందు నుంచే రోజుకు 400 మైక్రోగ్రాములు వేసుకోవాలి అని. అమ్మ చాలాసేపు ఆలోచించింది. "అయితే నాకు ముగ్గురు గోలీలు లేకుండనే ఎట్ల పుట్టిన్రు?" అన్నది. నేను కూడా ఆ ముగ్గురిలో ఒకణ్ని కాబట్టి చర్చలో కలగజేసుకోలేదు.

ఈలోగా నా భార్య పుట్టింటివాళ్లు ఒడిబియ్యం పోయడానికి పిలిచారు. పసుపు కలిపిన బియ్యం, కుడుకలు, ఖర్జూరాలు, పోకలు, అన్నీ ఆమె ఒడిలో పోసి, కడుపు పండాలని దీవించారు. డాక్టరమ్మ తగ్గించమన్న బియ్యాన్నే మనవాళ్లు దీవెనగా పోస్తారు, తర్వాత ఆ బియ్యమే వండి చుట్టాలను పిలుస్తారు. ఆ దావత్‌లో మటన్ గరిటె పట్టుకున్న ప్రతి చేతి వెనకా ఒకే ప్రశ్న: "ఏమన్న విశేషమా?" ప్రశ్న ఆమెకు, ముక్కలు నాకు. విశేషం కంటికి కనబడేది నా దగ్గరే అయినా నన్నెవరూ అడగలేదు.

తిరిగొచ్చేటప్పుడు పిల్లలమర్రి దగ్గర ఆగాం. పేరులోనే పిల్లలున్నారు కదా, చూస్తే మంచిదని అమ్మ ఫోన్ చేసి చెప్పింది. మూడెకరాలకు పైగా అల్లుకున్న ఆ మర్రికి కూడా ఒకప్పుడు ఒంట్లో బాగాలేదు. చెదలు పట్టి 2017 చివర్లో కొమ్మ విరిగితే జనాన్ని రానివ్వడం ఆపేశారు. 2018లో అయితే మనుషులకు పెట్టినట్టే సెలైన్ సీసాలు వేలాడదీసి, చెదల మందు చుక్కచుక్కగా ఎక్కించారు. నా భార్య ఆ సంగతి గుర్తుచేసి, "చూశావా, జబ్బు ఏ చెట్టుకు ఉంటే మందు ఆ చెట్టుకే పెట్టిన్రు. పక్క చెట్టును పథ్యం ఉండమనలే" అన్నది. నేను ఊడలను చూస్తున్నట్టు నటించాను.

మూడు నెలల తర్వాత ఫలితాలు వచ్చాయి. నా భార్యకు ఉన్నది పీసీఓడీ, అంటే హార్మోన్ల తేడాతో నెలసరి గతి తప్పే సమస్య. అది ఉన్నవాళ్లు బరువులో 5 నుంచి 10 శాతం తగ్గినా చాలాసార్లు నెలసరి దారికి వస్తుందని డాక్టరమ్మ ముందే చెప్పింది. నా భార్య 68 నుంచి 64కు దిగింది. తేదీలు కూడా దారికి వచ్చాయి. నేను 98కి చేరాను. అంటే ఇద్దరిదీ కలిపి మొదట 162 కిలోలు, ఇప్పుడూ 162 కిలోలే. కుటుంబ సంపదను ఒక్క గ్రాము కూడా బయటికి పోకుండా కాపాడాను. దీన్ని మెచ్చుకోవలసింది పోయి, ఆ సాయంత్రం నన్ను కూడా లోపలికి పిలిచారు.

డాక్టరమ్మ చెప్పినవి ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను, నాకు నచ్చకపోయినా. పిల్లలు కలగని జంటల్లో దాదాపు సగం చోట్ల మగవాడి వైపు కూడా ఏదో ఒక కారణం ఉంటుందట. పొట్ట కొవ్వు మగ హార్మోనును ఆడ హార్మోనుగా మార్చేస్తుందట. సిగరెట్టు, గుట్కా, మందు, ఒళ్లో వేడెక్కే ల్యాప్‌టాప్, అన్నీ లెక్కలోకే వస్తాయట. వీర్యకణం తయారవడానికే రెండున్నర నెలలు పడుతుందట, కాబట్టి ఈరోజు చేసిన పాపం ఈరోజుతో పోదు. నేను మనసులో లెక్క కట్టుకున్నాను. బోనాల నాడు తాగిన బీరు బతుకమ్మ దాకా ఖాతాలో ఉంటుంది. బ్యాంకులో వేసుకున్న డబ్బు కూడా నా దగ్గర అంతకాలం నిలవదు.

అయినా చివరి ఆయుధం నా దగ్గరే ఉంది. "పోయినసారి మీరు తగ్గాలి అన్నరు కద మేడం, అది ఆమెకు అనుకున్న" అన్నాను.

ఆవిడ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. "నువ్వు బిడ్డా" అన్నది. "నువ్వు."

ఏకవచనం. నర్సు కూడా విన్నది. నా భార్య కిటికీ వైపు తిరిగి కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది. నన్ను మిషను ఎక్కమన్నారు. చెప్పులు విప్పాను, బెల్టు తీశాను, పర్సు, తాళాలు, సెల్‌ఫోన్ బల్ల మీద పెట్టాను. ముల్లు 600 గ్రాములు వెనక్కి జరిగింది. ఈ ప్రగతిని కూడా రాసుకోమని కోరాను. డాక్టరమ్మ ఏమీ మాట్లాడకుండా కొత్త చీటీ ఒకటి లాగి, పైన నా పేరు రాసింది.