నెల్లూరు దాటని 30 లక్షలు

మా చెన్నై కోడంబాక్కం చుట్టుపక్కల తెలుగువాళ్ల మధ్య ఒక 30 లక్షలు తిరుగుతుంటాయి. అసలు ఎవరివో ఎవరికీ తెలియదు. మార్చిలో అంబత్తూరు బాబాయి ఖాతాలో కనబడ్డాయి. జూన్‌లో మా ఎదురింటి మాస్టారి ఖాతాకొచ్చాయి. మధ్యలో ఒకసారి నెల్లూరు కూడా వెళ్లొచ్చాయి, నూటికి రెండు రూపాయల వడ్డీ మీద. అవి ఏ ఇంట్లో దిగితే ఆ ఇంటి పిల్లాడికి ఖాతాలో డబ్బుందని బ్యాంకిచ్చే బ్యాలెన్స్ సర్టిఫికెట్, ఆ వెనకే అమెరికా కాలేజీ పంపే ఐ-20 పత్రం, ఆపైన జెమినీ ఫ్లైఓవర్ పక్కన అమెరికా కాన్సులేటు ముందు క్యూ. ఇంతమందిని విమానమెక్కించిన ఆ సొమ్ము మాత్రం ఇంతవరకూ నెల్లూరు దాటలేదు.

స్కాలర్‌షిప్పులున్నాయి కదా అంటారు అమాయకులు. మా అన్నయ్య వాళ్లబ్బాయి కోసం చూశాం. ఫుల్‌బ్రైట్-నెహ్రూ మాస్టర్స్ ఫెలోషిప్‌కి మూడేళ్ల ఉద్యోగానుభవం ఉండాలి, చదువయ్యాక స్వదేశానికి తిరిగి రావాలి. రెండో షరతు వినగానే మా వదిన "వచ్చేదానికి పోవడం దేనికి?" అని ఫారం అటకెక్కించింది. జె.ఎన్. టాటా ఎండోమెంట్ 1892 నుంచీ ఇస్తోంది గానీ, అది రుణ స్కాలర్‌షిప్. అప్పే అయినా పేరులో స్కాలర్‌షిప్ ఉంది, పెళ్లిచూపుల్లో పనికొస్తుందని అన్నయ్య కాసేపు ఊగాడు.

ఇదే ఊళ్లో, పోర్టు ట్రస్టులో నెలకు 30 రూపాయల గుమస్తాగా పనిచేసిన గణితవేత్త రామానుజన్‌ని 1914లో మద్రాసు విశ్వవిద్యాలయం ఏడాదికి 250 పౌండ్లిచ్చి కేంబ్రిడ్జికి పంపింది. బాధ్యత లేని రోజులు! ఇప్పుడైతే ఫైలు మర్యాదగా వెనక్కొచ్చేది: "సిద్ధాంతాలు బాగున్నాయి, కో-అప్లికెంట్ పే స్లిప్పులేవీ?"

బ్యాంకు సంగతీ చెప్పాలి. చదువు అప్పు ఏడున్నర లక్షలు దాటితే తాకట్టు అన్నారు. అన్నయ్య సూళ్లూరుపేట పొలం కాగితాలు తీసుకెళ్తే, వ్యవసాయ భూమి పనికిరాదన్నారు. మూడు తరాలకు అన్నం పెట్టిన పొలం ఒక్క సెమిస్టరుకు చాలలేదు. చివరికి ఫ్లాటు పెట్టాడు. దిగులుపడొద్దని ఆఫీసరు ధైర్యం చెప్పాడు: పాత ఆదాయపు పన్ను విధానంలో ఉంటే ఎనిమిదేళ్లపాటు వడ్డీకి మినహాయింపట. అసలు సంగతి ఆయనా ఎత్తలేదు, మేమూ అడగలేదు.

ఇక నా ప్రతిపాదన. విమానాశ్రయం దగ్గర వీసా గణపతికి గుడి ఉంది. ఆ పక్కనే ఈ 30 లక్షలకూ ఒక చిన్న మండపం కట్టాలి. చందాలకు బయల్దేరాను కూడా. అందరిదీ ఒకటే మాట: డబ్బు ఇప్పుడు తాంబరంలో ఉందట, శుక్రవారం వాళ్లబ్బాయి ఇంటర్వ్యూ అయితేగానీ కదలదట.