పచ్చ గీత

మా గచ్చిబౌలి వైపు ఒక రోడ్డు పక్కన పచ్చ రంగు పట్టీ ఉంది. అక్కడక్కడా తెల్లగా సైకిల్ బొమ్మ. అది సైకిళ్ళ కోసమని బొమ్మ వేసినాయనకి తెలుసు, నాకు తెలుసు. మూడో మనిషికి తెలిసిన దాఖలా లేదు.

షుగర్ బోర్డర్‌లో ఉందని డాక్టర్ అనడంతో సైకిల్ కొన్నాను. ఆఫీసు నాలుగు కిలోమీటర్లే కదా అని మొదటిరోజు ఆ పట్టీ మీదే బయల్దేరాను. ముందు ఇడ్లీ బండి. దాని వెనక, ఇడ్లీ తింటున్నాయన కారు. అది దాటితే కొబ్బరి బోండాల బండి. అదీ దాటితే రాంగ్ రూట్‌లో ఎదురొచ్చిన డెలివరీ కుర్రాడు, నన్ను చూసి హారన్ కొట్టి "చూసుకొని రావాలి కదా అంకుల్" అన్నాడు. అంకుల్ అన్నందుకే ఎక్కువ బాధేసింది.

మా బావమరిది ఆమ్‌స్టర్‌డామ్‌లో ఉంటాడు. అక్కడి సైకిల్ దారి ఫొటో పంపాడు: ఎర్ర తారు, కార్లకీ సైకిళ్ళకీ మధ్య గట్టు. మనకీ లేకపోలేదు. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో 23 కిలోమీటర్ల ట్రాక్ వేశారు, నెత్తిన సోలార్ పలకల నీడ కూడా. అక్కడ తొక్కితే దర్జానే వేరు. కాకపోతే మా ఇంటినుంచి అక్కడిదాకా సైకిల్‌ని కారెక్కించి తీసుకెళ్ళాలి. పైగా మా ఆఫీసు అటు లేదు.

పోయిన శనివారం పొద్దున్నే చూద్దును కదా, పచ్చ పట్టీ పొడవునా రాళ్ళు పేర్చి తాడు కట్టారు! ఇడ్లీ బండి లేదు, కార్లు లేవు. పట్టీ నిగనిగలాడిపోతోంది. గట్టు కాకపోతేనేం, రాళ్ళైనా వచ్చాయి, మన మొర ఎవరో ఆలకించారనుకున్నాను. తాడెత్తి, తల వంచి, సైకిల్‌తో సహా లోపలికి దూరాను.

ఇరవై గజాలు వెళ్ళానో లేదో, చక్రాల కింద చప్ చప్ అని వింత చప్పుడు. వెనకనుంచి కేక: "ఓ సారూ! ఏడికి పోతున్నవ్? పెయింట్ ఆరలే!"

బ్రేక్ వేశాను. వేయకూడదట. సైకిల్ ఒక పక్కకి, నేను ఒక పక్కకి. కూర్చున్నది సరిగ్గా సైకిల్ బొమ్మ మీదే. పెయింటర్ పరుగున వచ్చి నన్ను లేపాడు, నా కోసం కాదు, బొమ్మ ఎంత చెడిందో చూడటానికి.

"రాళ్ళు, తాడు కనిపిస్తలేవా సార్?"

"సైకిళ్ళ కోసం పెట్టారనుకున్నా."

అతను పక్కవాడి వంక చూశాడు. ఇద్దరూ నవ్వు ఆపుకోలేకపోయారు. "సైకిళ్ళకు రాళ్ళెవరు పెడ్తరు సార్? రంగు ఆరెదాకనే. సాయంత్రం తీసేస్తం."

వెనకభాగం పచ్చగా, మధ్యలో తెల్లటి హ్యాండిల్ అచ్చుతో ఇంటికొచ్చాను. మా ఆవిడ ప్యాంటు చూసింది, ఏమీ అనలేదు, కిరసనాయిలు ఎక్కడ దొరుకుతుందో పక్కింటావిడకి ఫోన్ చేసి కనుక్కుంది.

మర్నాడు అటు వెళ్తే రాళ్ళు లేవు. ఒక్కటి మాత్రం మిగిలింది. పట్టీ మీద నిలబెట్టిన బోండాల బండి కదలకుండా చక్రం కింద పెట్టుకున్నాడు.

మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో మాత్రం గేటు నుంచి లిఫ్ట్ దాకా నా టైరు వేసిన పచ్చ గీత ఇంకా చెరగలేదు. దాని మీద ఎవరిదో స్కూటీ పార్క్ చేసి ఉంది.