సవరణ: హెపారిన్ ప్రొటీన్ కాదు
తీవ్రమైన కోవిడ్‌లో వాడే ప్రొటీన్ మందుల గురించి నిన్న రాసిన పోస్టులో హెపారిన్‌ను కూడా కలిపేశాను. తప్పు నాదే. హెపారిన్ ప్రొటీన్ కాదు, పొడవాటి చక్కెర గొలుసు. మన రక్తంలోనే ఉండే యాంటీథ్రాంబిన్ అనే ప్రొటీన్‌కు అతుక్కుని, దాని పని వేగాన్ని దాదాపు వెయ్యి రెట్లు పెంచి, రక్తం గడ్డకట్టకుండా చూస్తుంది. అంటే అసలు పని ప్రొటీన్‌ది, పేరు మాత్రం హెపారిన్‌ది!

ఆ పోస్టులోని మరో మందు టోసిలిజుమాబ్ మాత్రం నిజంగానే ప్రొటీన్, ఒక యాంటీబాడీ. అయితే అది ఒంట్లో వాపును (ఇన్‌ఫ్లమేషన్‌ను) పెంచే సంకేత అణువైన ఇంటర్‌ల్యూకిన్-6 (ఐఎల్-6)ను నాశనం చేస్తుందని నేను రాయడం సరికాదు. ఆ అణువు అతుక్కునే గ్రాహకాన్ని (రిసెప్టర్‌ను) మూసేస్తుంది, అంతే. అందుకే మందు ఎక్కించాక రక్తపరీక్షలో ఐఎల్-6 పెరిగి కనిపిస్తుంది. మందు పనిచేయలేదని దానర్థం కాదు.

టోసిలిజుమాబ్‌తో మరణాలు సగానికి తగ్గాయని రాసిందీ పొరపాటే. 2021లో ఫలితాలు వెలువడిన రికవరీ అనే క్లినికల్ ట్రయల్‌లో 28 రోజుల మరణాలు 35 శాతం నుంచి 31 శాతానికి తగ్గాయి.